మొదటి వారంలో అన్నీ పరిగెత్తాయి

జూలై 3

పిన్నీ,

ఉత్తరానికి ముందు క్షేమసమాచారాలు రాయాలంటారు కాబట్టి రాసేస్తున్నాను: మనుషులందరం క్షేమం. కోళ్ళే కాదు.

ఫోన్ చేయొచ్చుగా, ఈ కాగితాలేమిటి అనకు. చేశాను. మీ ల్యాబులో ఎవరో కీచుగొంతు అమ్మాయి ఎత్తి, "జబ్బు హిస్టరీ రాతలో లేనిదే మేడమ్ శాంపిల్ ముట్టుకోరండీ" అంది. మేడమ్ అక్క కూతురిని అని చెప్పేలోపు పెట్టేసింది. ఇంటి నుంచి నీతో మాట్లాడదామా అంటే, నీ ప్రస్తావన వస్తే చాలు మావయ్య టీవీ సౌండు పెంచుతాడు. అందుకని షెడ్డు పక్క మేత గదిలో, బస్తా మీద కూర్చుని హిస్టరీ రాస్తున్నాను. నచ్చినచోట కొట్టేసుకో.

కోడిపిల్లలు దిగి నాలుగు వారాలు దాటింది. నిన్నటిదాకా అంతా బాగానే ఉంది. నిన్న పొద్దున కర్టెన్లు ఎత్తగానే మందంతా లేచి నీళ్ళ లైను దగ్గరికి వెళ్ళింది. కొన్ని వెళ్ళలేదు. కూర్చునే ఉన్నాయి. కోడి కూర్చోవడం వేరు, ఇది వేరు పిన్నీ. మామూలుగా కూర్చునే కోడి కాళ్ళు కింద దాచుకుని, శాలువా కప్పుకున్న పెద్దావిడలా ఉంటుంది. ఇవి రెండు కాళ్ళూ ముందుకు చాపి, తోక మీద బరువేసి వెనక్కి వాలి, ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషిలా కూర్చున్నాయి. దగ్గరికి వెళ్తే లేవాలని రెక్కలు కొట్టుకుంటాయి. కాళ్ళు మాత్రం రావు.

నాకు నిద్ర పట్టనివ్వనిది వాటి కళ్ళు. జబ్బు కోడి ఈకలు ఉబ్బరించుకుని, కళ్ళు మూసుకుని మూలకు చేరుతుందనేగా మేం డిగ్రీలో చదివింది! వీటి కళ్ళు మెరుస్తున్నాయి. మేత ముక్కు ముందు పెడితే గబగబా తింటాయి. మనం చెయ్యి తీసేస్తే మన చెయ్యి వంక చూస్తాయి.

పోయిన రెండు బ్యాచుల్లోనూ ఇంతేనట. అప్పుడు నేను లేను. పిల్లలూ మేతా మందులూ కంపెనీవి, షెడ్డూ ఒళ్ళూ మావయ్యవి. కంపెనీ సూపర్‌వైజరు (తల మీంచి టోపీ తీయగా ఎవరూ చూడలేదు, కాబట్టి టోపీయే అంటాం) నిన్న వచ్చి షెడ్డంతా తిరిగి, వెళ్తూ వెళ్తూ స్కూటరు మీంచి అన్నాడు: "మూడోసారి కూడా ఇదే అయితే ఇక్కడికి పిల్లల లారీ రాదండీ. పైవాళ్ళ మాట, నాది కాదు." ఈ షెడ్డు పోతే మావయ్యకు ఇంకేం పని వచ్చో నాకు తెలీదు. ఆయనకీ తెలీదనుకుంటా.

నీకు రాస్తానంటే ఏమన్నాడో తెలుసా? "రాసుకో. ఆవిడ గాజు పళ్ళేల్లో పురుగుల్ని పెంచుతుంది, నేను నేల మీద కోళ్ళని పెంచుతాను. ఎవరి పెంపకం వాళ్ళది" అన్నాడు. కానీ వద్దనలేదు, గమనించు.

ఏం పంపాలో చెప్పు. తొందరగా.

నీ అక్క కూతురు
(ఈ ఇంట్లో పిలుపు: "ఏమే డిగ్రీ")


జూలై 6

తూనీగా,

నువ్వు అక్కడ ఒకచోట కుదురుగా కూర్చుని మూడు పేజీలు రాశావంటే కోళ్ళకేదో పెద్దదే వచ్చి ఉండాలి.

కీచుగొంతు పిల్లను కేకలేశాను. కానీ ఆ నియమం నాదే. ఫోన్‌లో చెప్పే హిస్టరీ నేను నమ్మను. నోరు ముందు పరిగెడుతుంది, కళ్ళు వెనకాల ఈడ్చుకుంటూ వస్తాయి. రాసేటప్పుడు మనిషి కాస్త ఆగుతాడు. నీ హిస్టరీ బాగుంది. బస్సు తప్పినవాణ్ణి తీసేస్తే మిగతాదంతా రిపోర్టులో పెట్టొచ్చు.

ముందు తేలికవి చూద్దాం. నేల ఎలా ఉంది? ఊక తడిసి గట్టిపడితే కాళ్ళు పాడవుతాయి. పిడికెడు తీసి నొక్కి చూడు, ఉండ కడితే మార్చండి. రెండోది, బాగా గమనించి రాయి: ఒక కాలా, రెండు కాళ్ళా? మెడ వంకర తిరుగుతోందా? తల వణుకుతోందా? కూర్చున్నవాటిలో మగవి ఎక్కువా?

ఈ ఉత్తరంతో పాటు శాంపిల్ పెట్టడానికి ఐసు పెట్టె పంపుతున్నాను. పొద్దుటి బస్సు డ్రైవరు ఎరిగినవాడే, ఐసు మాత్రం నిండుగా వేయండి. పోయినసారి ఎవరో చేప పెట్టె అనుకుని బేరమాడారట.

మా అపార్ట్‌మెంటు లిఫ్టు చెడి నెలయింది. అయిదంతస్తులు ఎక్కి దిగుతూ, కాళ్ళు రాకపోవడం గురించి రోజంతా చదువుతున్నాను. నవ్వకు.

పిన్ని


జూలై 8

పిన్నీ,

నవ్వాను, క్షమించు. నిన్న రోజంతా నవ్వడానికి దొరికింది అదొక్కటే.

ఊక ఉండ కట్టింది. ఒక్క మూలే, లైను కారేచోట. మావయ్య దాన్ని చూసి, "సగం మార్చి సగం వదిలేస్తే ఆవిడ మళ్ళీ ఊకే అంటుంది" అని షెడ్డంతా మార్పించాడు. ఆయనా, నేనూ, అత్తయ్యా. కోళ్ళను ఒక పక్కకు తోలడం, చెక్కడం, మోయడం, పరచడం, మళ్ళీ ఇటు తోలడం. అత్తయ్య పార ఆనించి నడుం పట్టుకుని, "కోళ్ళ కాళ్ళు పడిపోతున్నాయంటే మీ పిన్ని మన నడుములు విరగ్గొట్టే మందు రాసిందేమిటే" అంది. సాయంత్రానికి మేం ముగ్గురం వరండాలో కాళ్ళు చాపుకుని ఎలా కూర్చున్నామో ఊహించుకో. మావయ్య మమ్మల్ని చూసి, "మనకీ అంటుకుంది" అన్నాడు.

పొద్దున కొత్త ఊక మీద ఇంకొన్ని కూర్చున్నాయి.

నీ ప్రశ్నలకు జవాబులు. రెండు కాళ్ళూ. మగవే ఎక్కువ. మెడ దాదాపు అన్నిటికీ నిటారుగా ఉంది, ఒకదానికి మాత్రం కాస్త పక్కకు వాలింది. తల వణకడం లేదు. కానీ నువ్వు తల గురించీ మెడ గురించీ అడిగావంటే ఊరికే అడగవు కదా. నేను రాత్రంతా నా పాత పుస్తకాలు తిరగేశాను. కాళ్ళు చెడలేదు, కాళ్ళకు కబురు అందడం లేదు. కబురు పంపేది మెదడు. కాబట్టి బ్యాక్టీరియా ఏదో మెదడుకు ఎక్కింది. నువ్వు ఆ దారిలోనే ఉన్నావని అర్థమైంది.

అందుకే చచ్చిపోయినవాటి తలలు పంపుతున్నాను. మొత్తం కోళ్ళయితే పెట్టెలో రెండు పడతాయి, తలలయితే పది. ఐసుకూ చోటుంటుంది. ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి నంబరు వేశాను. నా తెలివికి నువ్వు మెచ్చుకుంటావని రాత్రి కాస్త పొంగిపోయాను కూడా. ఫ్రిజ్ తీసి పాలగిన్నె పక్కన వాటిని చూసిన అత్తయ్య మాత్రం మెచ్చుకోలేదు. ఆవిడ అన్న మాటలు హిస్టరీలోకి రావు.

టోపీ నీళ్ళలో కలిపే మందు ఇచ్చి వెళ్ళాడు. కలిపాం. కలిపాక తట్టింది: కూర్చున్నవి లైను దాకా వెళ్ళలేవుగా! మందు నిలబడినవి తాగుతున్నాయి.

పెట్టె కట్టింది మావయ్యే. నా ముడి చూసి, "ఇది ముడా, పూలజడా?" అని విప్పేసి మళ్ళీ కట్టాడు.

తూనీగ


జూలై 12

తూనీగా,

పెట్టె తెరిచి కాగితాలు విప్పేసరికి పది తలలు నా వంక చూశాయి. కీచుగొంతు పిల్ల ట్రే వదిలేసింది.

ఏమని తిట్టను? తల గురించి అడిగింది నేను. అది ఏ కోడికైనా అడిగే ప్రశ్నే, జ్వరమొచ్చిన మనిషిని దగ్గు ఉందా అని అడగడం లాంటిది. నువ్వేమో దాన్ని సైగ అనుకున్నావు. రోజూ అడిగే ప్రశ్నల్ని రోజూ అడగనివాళ్ళు ఎలా వింటారో నేను మర్చిపోయాను.

పది మెదళ్ళూ చూశాం. ప్లేట్ల మీద వేసి మూడు రోజులు ఉంచాం. ఏమీ లేదు. శుభ్రం. కాళ్ళకు కబురు అందడం లేదన్నావు, అంతవరకూ సరే. కానీ కబురు బయల్దేరింది. దారిలో ఆగింది. మెదడుకూ కాళ్ళకూ మధ్య వెన్నెముక ఉంది. అది మీ ఇంటి వెనక గోతిలో పూడ్చారు.

ఈసారి మొత్తం కోళ్ళు కావాలి. బతికున్నవయితే ఇంకా మంచిది, కూర్చుని ఎక్కువసేపు కానివి. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి పంపండి, డ్రైవరుకు నేను చెప్తాను. ఐసు పెట్టె కూడా మళ్ళీ పంపుతున్నాను, అవసరపడొచ్చు, దగ్గర ఉంచండి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. నేను అనుకుంటున్నదే అయితే ఈ జబ్బు ఇప్పుడు మొదలైంది కాదు. కాబట్టి మొదటి వారంలో ఏం జరిగిందో రాయి. కరెంటు పోయిందా? పిల్లలకు చలి తగిలిందా? లారీ ఆలస్యమైందా, నీళ్ళు ఆలస్యమయ్యాయా? మీ మావయ్యను అడిగి, జ్ఞాపకమున్నదంతా రాయి.

పెట్టె తాడు కత్తెరతో కోయబోతే నేనే ఆపాను. ఆ ముడి ఎక్కడ లాగితే విడుతుందో నాకు తెలుసు.

పిన్ని


జూలై 13

పిన్నీ,

నీ ఉత్తరం నేను ఒంటరిగా చదవాల్సింది. బుద్ధి లేక అందరూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు పైకి చదివాను.

మెదళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నచోట అత్తయ్య నవ్వింది. "పది బుర్రల్లోనూ ఏమీ లేదట! పంపినదాని బుర్ర కూడా చూడమనకపోయావా?" అంది. మావయ్యా నవ్వాడు. అక్కడితో ఆపాల్సింది. కానీ నా నోరు సంగతి నీకు తెలుసు, పరిగెడుతుంది. "మొదటి వారంలో ఏం జరిగిందో మీ మావయ్యను అడిగి రాయి" అని చదివేశాను.

మావయ్య చెయ్యి కడిగేసుకున్నాడు. కంచంలో అన్నం అలాగే ఉంది.

"ఏం జరిగిందట? నన్నడిగి రాయమందా?"

"హిస్టరీ మావయ్యా. అందరినీ అడుగుతారట."

"అందరినీ అడగదు. నన్నే అడుగుతుంది. మళ్ళీ నన్నే అడుగుతుంది."

ఆ "మళ్ళీ" ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు పిన్నీ. అమ్మమ్మ పోయిన రోజు నేను తలుపు వెనకాలే ఉన్నాను, స్కూలు బట్టల్లోనే. నువ్వు బ్యాగు కింద పెట్టకుండానే మావయ్యతో, "ఒక్క నెల ముందు చూపించి ఉంటే" అన్నావు. అంతే అన్నావు. ఆయన రెండేళ్ళు అమ్మమ్మకు చేసినవన్నీ ఆ వాక్యం కింద పడిపోయాయి. నువ్వు తప్పన్నావని నేననడం లేదు. నువ్వు అనడం, ఆయన వినడం రెండూ చూశానని మాత్రం చెప్తున్నాను.

సాయంత్రం షెడ్డులో ఆయన వెనకాలే తిరిగి మెల్లగా అడిగాను. మొదటి వారమంతా మంచం తెచ్చుకుని, పిల్లలకు వేడినిచ్చే బ్రూడర్ల దగ్గరే పడుకున్నాడట. కరెంటు పోలేదు. చలి తగల్లేదు. లారీ తెల్లారకముందే వచ్చింది, పిల్లలు దిగేసరికే నీళ్ళు ఉన్నాయి. "ఏం జరిగిందంటే ఏం రాయమంటావే? అన్నీ పరిగెత్తాయి. చప్పట్లు కొడితే ఆ కొస నుంచి ఈ కొసకి అన్నీ పరిగెత్తాయి. అది రాయి" అన్నాడు.

రాశాను.

ఇక ఈయన కోళ్ళు పంపడనే అనుకున్నాను. పొద్దున లేచేసరికి స్కూటరు మీద అట్టపెట్టె ఉంది. చిల్లులు వరసగా, స్కేలు పెట్టి పొడిచినట్టున్నాయి. లోపల నాలుగు. తడి మేత ఒక మూతలో పెట్టి, ఒలికిపోకుండా దాన్ని అట్టకు కుట్టాడు. "మనుషులు చెప్తే ఆవిడ నమ్మదు. వీటినే అడగమను" అన్నాడు.

వీటిని అడుగు పిన్నీ. త్వరగా అడుగు.

తూనీగ


జూలై 16

పిన్నీ,

నీ జవాబు ఇంకా రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. మంచి కబురు!

మావయ్య షెడ్డు చివర తడికె కట్టి కూర్చున్నవాటికి వేరే గది చేశాడు. నీళ్ళు పైనుంచి వచ్చే లైను వాటికి అందదు కదా, అందుకని ఒక స్టీలు మగ్గు పట్టుకుని ఒక్కోదాని దగ్గరా గొంతుక్కూర్చుని తాగిస్తున్నాడు. టోపీ మందు కూడా ఆ మగ్గులోనే. ముక్కు ముంచి, తల పైకెత్తి మింగేదాకా ఆగి, అప్పుడు పక్కదాని దగ్గరికి జరుగుతాడు. ఆ కొసకు వెళ్ళేసరికి ఈ కొసవాటికి మళ్ళీ దాహం. నేను చేస్తానంటే ఇవ్వడు. "నీకు తొందరెక్కువ, ముక్కుల్లోకి పోస్తావు" అంటాడు. నిజమే.

మగ్గు చప్పుడు వింటే చాలు, అన్నీ ఇటు తిరుగుతాయి. కాళ్ళతో కాదు, మెడలతో.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇవాళ పొద్దున రెండు లేచాయి! నేను కళ్ళారా చూశాను. ఊగుతూ లేచి, మూడడుగులు వేసి మేత గిన్నె దగ్గర ఆగాయి. మావయ్య మగ్గు కింద పెట్టి అత్తయ్యను కేకేశాడు. అత్తయ్య ఏదో కొంప మునిగిందని పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ముగ్గురం తడికె పట్టుకుని నిలబడ్డాం. "చూశావా, దాహం తీరాలంతే. రిపోర్టులు అక్కర్లేదు, మగ్గు కావాలి" అన్నాడు. ఆయన నవ్వితే పక్క పన్ను లేనిచోటు కనిపిస్తుంది. నేను ఇక్కడికి వచ్చాక అది చూడటం రెండోసారో మూడోసారో.

టోపీ లెక్క చూడటానికి వారంలో వస్తాడు. అప్పటికి ఇంకొన్ని లేస్తే చాలు. ఇవి నిలబడితే షెడ్డు నిలబడుతుంది.

తూనీగ


జూలై 16

తూనీగా,

నాలుగూ క్షేమంగా చేరాయి. మూతలో మేత ఒక్క గింజ ఒలకలేదు.

తెలిసిపోయింది. తెలిశాక ఎప్పుడూ కాస్త తేలికగా ఉంటుంది నాకు, వృత్తి అలవాటు. ఈసారి లేదు.

కోడి వెన్నెముకలో, రెక్కల మధ్య ఒక్క పూస ఉంటుంది. దానికి ముందువీ వెనకవీ ఒకదానికొకటి అతుక్కుని గట్టిగా ఉంటాయి, అదొక్కటే కదులుతుంది. ఒళ్ళు బరువెక్కే కొద్దీ ఒత్తిడంతా దాని మీదే. నాలుగింటికీ ఆ పూస లోపల చీము గడ్డ కట్టింది, శనగగింజంత. అది లోపలి నరాన్ని నొక్కేసింది. దానికి పైన అంతా మామూలే, అందుకే కళ్ళు మెరుస్తాయి, ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది. దానికి కింద ఏమీ లేదు.

క్రిమి ఎంటెరోకాకస్ జాతిది. మామూలుగా పేగుల్లో గొడవ చేయకుండా బతికే రకం. వీటిలో కొన్ని పిల్ల పుట్టిన తొలి రోజుల్లోనే పేగు దాటి రక్తంలోకి, రక్తం నుంచి ఆ పూసలోకి వెళ్ళి కూర్చుంటాయి. ఎందుకు కొన్ని షెడ్లకే వస్తుంది, ఒకసారి వచ్చినచోటికి మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది? మాకూ సరిగ్గా తెలీదు. తెలుసన్నట్టు మాట్లాడేవాళ్ళను నమ్మకు.

మందు పనిచేస్తుందా అని అడుగుతావు. గాజు పళ్ళెంలో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎముక లోపలి గడ్డలోకి వెళ్ళదు, నొక్కిన నరాన్ని లేపదు. కూర్చున్నవి ఇక లేవవు. వాటిని అలా ఉంచితే ఆకలితో, దాహంతో, పూర్తి తెలివితో పోతాయి. అందుకని ఆలస్యం చేయకండి. మెడ దగ్గర ఎలా చేయాలో నీకు నేర్పారు కదా, త్వరగా, ఒక్కసారిగా. చేయలేకపోతే టోపీని చేయమను, అది అతని పనే.

నువ్వు మొదటిసారే మొత్తం కోళ్ళు పంపి ఉంటే నాకు నాలుగు రోజుల ముందు తెలిసేది. తెలిసినా ఇదే రాసేదాన్ని. అది గుర్తుపెట్టుకో.

మీ మావయ్య రాయించింది చదివాను. అన్నీ పరిగెత్తాయన్నది.

పిన్ని


జూలై 19

పిన్నీ,

నీ ఉత్తరమూ నాదీ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నేను లేచాయని రాస్తున్న రోజే నువ్వు లేవవని రాస్తున్నావు.

చదివి జేబులో పెట్టుకుని తిరిగాను. ఈసారి అన్నాల దగ్గర చదవలేదు. నీకు పొరపాటు వచ్చిందేమో, ఆ నాలుగింటికే అలా ఉందేమో, లేచిన రెండూ నీకు దొరకలేదు కదా అని వాదించుకున్నాను. సాయంత్రం వెళ్ళి చూస్తే ఆ రెండూ గిన్నె పక్కనే కూర్చుని ఉన్నాయి. కాళ్ళు ముందుకు చాపి. మావయ్య వాటి దగ్గరే మగ్గుతో ఉన్నాడు. ఆయనకు పొద్దున్నే తెలుసు, నాకు చెప్పలేదు. మేమిద్దరం ఒకరికొకరం చెప్పకుండా దాస్తున్నది ఒకటే విషయం.

అప్పుడు చదివాను. మెల్లగా, ఎక్కడా తొందర లేకుండా. ఆయన గొంతుక్కూర్చునే విన్నాడు. పూస దగ్గర ఆపి, ఒక కోడిని ఎత్తుకుని రెక్కల మధ్య వేలితో తడిమాడు. "ఇక్కడా?" అన్నాడు. "లోపల మావయ్యా, తెలీదు" అన్నాను. చాలాసేపు అక్కడే వేలు పెట్టి ఉంచాడు.

"కళ్ళు బాగున్నాయి కదే" అన్నాడు.

దానికి నేనేం చెప్పను? అందుకే చదువుకున్నాను పిన్నీ, ఇలాంటిచోట చెప్పడానికి ఒక్క ముక్క ఉంటుందని.

నిన్న టోపీ వచ్చాడు. లెక్క చూశాడు, టోపీ సర్దుకున్నాడు. పిల్లల లారీ ఇక రాదు. నిలబడినవాటిని వచ్చే వారం అమ్మకానికి లిఫ్టింగ్ లారీ తీసుకెళ్తుంది, కూర్చున్నవాటిని ఎక్కించుకోరు. "వాటి సంగతి నేను చూస్తానండీ, మీరు లోపలికి వెళ్ళండి" అన్నాడు, పాపం మర్యాదగానే. మావయ్య వద్దన్నాడు. "కొత్త చెయ్యి అయితే బెదురుతాయి" అన్నాడు.

నేను సాయం చేస్తానని తడికె దాకా వెళ్ళాను. నేర్చుకున్నదాన్నే. నా చేతులు లేవలేదు. ఆయన ఒక్కోదానికీ ముందు నీళ్ళు తాగించాడు. అది తల పైకెత్తి మింగాక అప్పుడు. మళ్ళీ మగ్గు, మళ్ళీ పక్కది. మగ్గు చప్పుడుకు మిగతావి ఆయన వైపే తిరిగి చూస్తున్నాయి. అత్తయ్య ఇంట్లో టీవీ పెట్టి సౌండు పెంచింది.

అయ్యాక చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. "దానికి రాస్తావుగా? ఒకటి అడుగు" అన్నాడు. "ఆవిడ" అనలేదు, "దానికి" అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మొదటి వారంలో నేను ఇంకా సరిగ్గా చూసి ఉంటే తెలిసేదా?"

ఇది నా ప్రశ్న కాదు పిన్నీ. కోళ్ళ గురించి మాత్రమే అడిగాడో లేదో కూడా నాకు తెలీదు. జాగ్రత్తగా రాయి.

తూనీగ


జూలై 22

తూనీగా,

ఇది మీ మావయ్యకు చదివి వినిపించు. మధ్యలో నీ వ్యాఖ్యానాలు వద్దు.

అన్నయ్యా,

తెలిసేది కాదు.

ఆ వారంలో ఈ జబ్బుకు గుర్తంటూ ఉండదు. పిల్ల తింటుంది, పెరుగుతుంది, చప్పట్లు కొడితే పరిగెడుతుంది. ఆ రోజు నేను నీ షెడ్డులో నీ పక్కనే నిలబడి ఉన్నా, నా చేతిలో నా సామానంతా ఉన్నా, ఒక్కోదాన్నీ ఎత్తి చూసి "బాగున్నాయి" అనే కింద పెట్టేదాన్ని. రెక్కల మధ్య ఎంత తడిమినా వేలికి ఏమీ తగలదు. చూడటం తెలిసినవాళ్ళకూ కనిపించనిది అది. ముందు చూడలేదని ఎవరైనా అంటే వాళ్ళకు తెలియక అన్నట్టే.

నువ్వు సరిగ్గానే చూశావు. చూస్తే ఆగేది కాదు.

నాకు ఇంతే తెలుసు. ఇరవై ఏళ్ళు ఇందులో ఉండి నీకు పంపగలిగిన మందు ఈ కాగితం తప్ప ఇంకేమీ లేకపోయింది.

లిఫ్టు బాగుచేశారు. అయినా నేను మెట్లే ఎక్కుతున్నాను, ఎందుకో తెలీదు.

చెల్లి


జూలై 26

పిన్నీ,

చదివాను. వ్యాఖ్యానాలు చేయలేదు. అత్తయ్య కూడా చేయలేదంటే నువ్వు నమ్మాలి.

మావయ్య మొదటి ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "అన్నయ్యా అని రాసిందా, నువ్వు చేర్చావా?" అన్నాడు. కాగితం చూపించాను. కళ్ళజోడు లేకుండా చదవలేడు, తెచ్చిస్తానంటే వద్దన్నాడు. కాసేపు అలాగే పట్టుకుని, మడత పోకుండా తిరిగి ఇచ్చాడు.

లారీ వచ్చి వెళ్ళింది. ఖాళీ షెడ్డులో మాట్లాడితే మాట తిరిగొస్తోంది. ఊక ఎత్తేశాం, నేల కడిగాం. పిల్లలు రావని తెలిసీ ఎందుకు కడుగుతున్నామని నేను అడగబోయి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆయన ఆ చివరి మూల, తడికె ఉన్నచోట, రెండుసార్లు కడిగాడు. మగ్గు తోమి మేకుకు తగిలించాడు. ఎండలో అది మెరిసినప్పుడల్లా అటు చూస్తున్నాడు.

తర్వాత ఏం చేస్తాడో ఇంట్లో ఎవరం అడగడం లేదు. నేను ఎప్పుడు వెళ్ళిపోతానో కూడా ఎవరూ అడగడం లేదు. రెండు నెలలకని వచ్చినదాన్ని. పొద్దున్నే లేచి అలవాటుగా కర్టెన్లు ఎత్తుతున్నాను, లోపల ఎవరూ లేవరు.

ఐసు పెట్టె మీ ల్యాబుది కాబట్టి తిరిగి పంపేస్తున్నాం. ఈసారి అందులో శాంపిల్ లేదు, ఐసు లేదు; ఈ ఉత్తరం బస్టాండులో ముగించి పైన తాడు కింద దోపుతున్నాను. ఇందాక డ్రైవరు పెట్టె అందుకుని, తేలిగ్గా ఉందని ఊపి చూశాడు. "ఏంటండీ, ఏమీ లేదా ఇందులో?" అన్నాడు.

"ఏమీ లేదు" అన్నాడు మావయ్య.

అయినా తాడు మాత్రం ఎప్పుడూ కట్టినంత గట్టిగానే కట్టాడు. ఎక్కడ లాగాలో నీకు తెలుసు కదా.

తూనీగ